నూనె తాగిన బ్రేకు

కారు బ్రేకు కీచుమంటే ఎవరో ఒకరు వచ్చి "కొంచెం నూనె వెయ్, ఊకుంటది" అంటారు. వినకండి. ఈ మాట చెప్పడానికి నాకంటే తగిన మనిషి బొంబాయిలో ఇంకొకరు దొరకరు. ఎందుకంటే ఆ నూనె రాసింది నేనే. అదీ తలస్నానం చేసి, దండం పెట్టుకుని మరీ రాశాను.

నాకు చదువు లేదు. తెలుగులో సంతకం పెడతాను, బస్సు మీద మరాఠీ అంకెలు చదువుతాను, అంతే. కానీ పన్నెండేళ్లు బ్రేకుల పని చేశాను. ఇప్పుడు మా చాల్‌లో, అంటే మేమంతా ఉండే వరస గదుల మేడలో, సగం మంది పిల్లలు ఫోన్‌లో వచ్చే పిలుపులకు బండ్లు నడుపుతున్నారు. చప్పుడు వస్తే నన్నడుగుతారు. ప్రతిసారీ ఇదంతా చెప్పాలంటే గొంతు పోతోంది. అందుకే ఒకేసారి చెప్పేస్తున్నాను.

మా తాతల కాలం నుంచి మాది కామాటిపురానే. ఈ ఊరి మేడలకు రాళ్లు మోసిన కుటుంబం. మా ఆయన తాపీ మేస్త్రి. పరంజా మీద నుంచి పడి పోయాడని అందరూ అనుకుంటారు. కాదు, జ్వరం వచ్చి పోయాడు. పది రోజుల జ్వరం. ఇద్దరు ఆడపిల్లలు. నెల దాటాక ఆయన స్నేహితుడొకాయన గుమ్మంలో నిలబడి, లోపలికి కూడా రాకుండా అడిగాడు.

"చెల్లే, ఇంట్ల కూసుంటే పిల్లలేం తింటరు? నా దుకాణంల చేతులు కావాలె. రేపటి సంది రా."

"నాకేం పని వస్తదన్నా?"

"నాకు గూడ రాకుండెనే మొదలు."

ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. ఫాక్‌లాండ్ రోడ్డు వైపు తిరిగే సందులో దుకాణం. రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత. అందులో ఆయన, నేను, ఒక భట్టీ. కారు వెనక చక్రాల్లో డ్రమ్ము ఉంటుంది. దాని లోపల నెలవంకల్లాంటి ఇనుప ముక్కలు రెండు. వాటిని షూ అంటారు, ఎందుకో నాకు తెలియదు. షూ మీద గట్టి పట్టీ ఒకటి అంటించి ఉంటుంది. బ్రేకు తొక్కినా, హ్యాండ్‌బ్రేకు గుంజినా ఆ పట్టీయే డ్రమ్మును ఒరుసుకుంటుంది, చక్రం ఆగుతుంది. నా పని అరిగిపోయిన పట్టీని ఉలితో లేపడం, ఇనుము గీకడం, జిగురు రాసి కొత్త పట్టీ బిగించడం, భట్టీలో కాల్చడం. బండికి బిగించేది మాత్రం ఉస్తాద్.

ఆయన చెవి గొప్పది. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇనుముకు ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ముక్కు మాత్రం ఎప్పుడో పోయింది. నస్యం అలవాటు. గంటకోసారి చిటికెడు. జిగురు మాడి సందంతా కంపు కొట్టినా ఆయనకు తెలిసేది కాదు. "అన్నా, భట్టీ!" అని నేను అరవాల్సి వచ్చేది. ఈ ముక్కు సంగతి గుర్తుంచుకోండి.

నాకు చప్పుళ్లు నేర్పాలని చాలా చూశాడు. పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమని తర్వాత ఆగిపోతే అది వాన చెమ్మకు పట్టిన తుప్పు, పట్టించుకోవద్దు. రోజంతా సన్నగా కీచుమంటే పట్టీ అరిగిపోతోంది, లేదా దుమ్ము చేరింది, తెచ్చి చూపించాలి. గరగరమంటే పట్టీ అయిపోయి ఇనుము ఇనుమును తింటోంది, ఇక బండి కదపకూడదు. ఇలా చెప్పి, "సమజైందా?" అనేవాడు. అయింది అనేదాన్ని. కాలేదు. నాకు మూడూ ఒకటే లాగా వినిపించేవి. ఆరు నెలలు అలాగే గడిచాయి.

మా చాల్‌లోనే కింది గదిలో ఒక డ్రైవర్ ఉండేవాడు. పాలమూరు వైపు నుంచి కూలి పనికి వచ్చి, ఇటుకలు మోసి, ఆ మీదట డ్రైవింగ్ నేర్చుకున్న పిల్లగాడు. పెళ్లయింది. కారు అతనిది కాదు, వేరే సేఠ్‌ది. ఫోన్‌లో పిలిస్తే బండి వచ్చే పద్ధతి అప్పుడప్పుడే మొదలైంది. దసరాకు మూడు రోజుల ముందు దుకాణానికి వచ్చాడు. అతను రాకముందే అతని బ్రేకు వచ్చింది. సందు సందంతా కీచుమంది. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ చెవులు మూసుకుంది.

"అక్కా, ఈ చప్పుడుకు నా బతుకు పోతున్నది. పాసింజర్లు చుక్కలు కోస్తున్నరు."

"చుక్కలేంది?"

"మంచిగ నడిపితే ఫోన్ల ఐదు చుక్కలు ఇస్తరు. నాకు మూడిస్తున్నరు. ఇంక తగ్గితే నా పేరు తీసేస్తరట. పేరు తీస్తే సేఠ్ గాడీ గుంజుకుంటడు."

మేము చుక్కలు పెట్టేది ముగ్గులోనే. ఫోన్‌లో చుక్క తగ్గితే మనిషి అన్నం ఎలా పోతుందో నాకు అర్థం కాలేదు. ఉస్తాద్ మాత్రం అతన్ని సందులో నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించి, కళ్లు మూసుకుని విని, "ఎనకల నుంచి. షూలు పోయినయ్" అని తేల్చేశాడు. పండుగ మర్నాడు బిగిస్తానన్నాడు. నేను రెండు చక్రాలకూ కలిపి నాలుగు షూలకు కొత్త పట్టీలు అంటించి, కాల్చి, చెక్క మీద వరసగా పెట్టాను. బాగా కుదిరాయి. అన్నిట్లోకీ అవే నాకు నచ్చిన షూలు. అదే తప్పయింది.

దసరా నాడు ఉస్తాద్ తాళం నా చేతికిచ్చాడు. "చెల్లే, ఈసారి పూజ నువ్వే చెయ్. మీ ఇంట్ల ఎట్ల చేస్తరో అట్లనే."

మా ఇంట్లో పనిముట్లకు పూజ ఎలాగంటే, ముందు అన్నీ కడగాలి. ఆరాక నువ్వుల నూనె గుడ్డతో తుడవాలి. తర్వాత పసుపు, కుంకుమ. తాపీ, సుత్తి, రసమట్టం, తూకం గుండు, అన్నీ. మా మామ చేశాడు, మా ఆయన చేశాడు. వానాకాలం చెమ్మకు ఇనుము తుప్పు పట్టకూడదని ఆ నూనె. దేవుడి పనీ అవుతుంది, పనిముట్టు పనీ అవుతుంది. అప్పటికి మా ఆయన తాపీ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది. దానికి తెల్లవారుజామునే చేశాను. అదే గుడ్డ, అదే నూనె గిన్నె పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

సుత్తికి రాశాను. ఉలికి, పట్టకారుకు, భట్టీ తలుపుకు రాశాను. ఇక చెక్క మీద ఆ నాలుగు షూలు కనిపించాయి. వాటి వీపు ఇనుమే కదా. వీపుకు రాసి కడుపు వదిలేస్తే ఏం బాగుంటుంది? రెండు వైపులా రాశాను. పట్టీ నూనెను ఇట్టే పీల్చేసుకుంది. దాహం మీద ఉందనుకుని ఇంకోసారి రాశాను. ఒక్కోదానికీ ఒక్కో బొట్టు పెట్టాను. బతుకంతా నేను చూసింది అదే కదా. కిర్రుమన్న తలుపుకు నూనె, కుట్టు మిషన్‌కు నూనె, ఒరుసుకునే ప్రతిదానికీ నూనె. సాయంత్రం మాత్రం, డ్రైవర్ ఏమంటాడో అని బొట్లు తుడిచేశాను.

మర్నాడు ఉస్తాద్ బిగించాడు. బండి సందు చివరిదాకా వెళ్లి వచ్చింది. కీచు లేదు, కూచు లేదు. ఎదురు మేడ ఆవిడ కిందికి చూసి చేతులు జోడించింది.

"నీ చెయ్యి మంచిదక్కా," అన్నాడు డ్రైవర్. ఆ రెండు రోజులు నేను నేల మీద నడవలేదు.

మూడో రోజు కొత్త చప్పుడు మొదలైంది. కీచు కాదు. నిద్రలో ముసలాయన మూలిగినట్టు. ఉస్తాద్ డ్రమ్ము విప్పి, పట్టీ మీద గరుకు కాగితం రుద్ది, "కొత్త పట్టీ, కుదురుకోవాలె" అన్నాడు. పట్టీ నల్లగా ఉందేమిటి అని తనలో తనే అనుకున్నాడు. కంపెనీ మారిందేమో అనుకున్నాడు. నేను కూడా కంపెనీ మారిందేమో అనుకున్నాను.

ఐదో రోజు ఆ సంగతి జరిగింది. వర్లి గుట్ట దారిలో ఒక పెద్దావిడను ఇంటి ముందు దింపాలి. ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు గుంజి, డ్రైవర్ ఆవిడ సంచీ తీయడానికి దిగాడు. ఆవిడ ఒక కాలు కింద పెట్టింది, రెండోది ఇంకా లోపలే ఉంది. అంతలో బండి వెనక్కి జారింది. నెమ్మదిగానే జారింది, కానీ ఆగలేదు. ఆవిడ కింద పడింది. అరచేయి గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు, దేవుడు చల్లగా చూశాడు. బండి వెళ్లి చెట్టు చుట్టూ ఉన్న ఇనుప కంచెకు కొట్టుకుని ఆగింది. వెనక దీపం పగిలింది. ఆవిడ పడిన వైపే బండి జారి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించను. సగం దాకా వెళ్లి మానేస్తాను.

సేఠ్ ఒక్కటే అన్నాడు. హ్యాండ్‌బ్రేకు గుంజడం మర్చిపోయావు, తాగి ఉన్నావు.

పొద్దున నల్లా దగ్గర డ్రైవర్ భార్య బిందె కింద పెట్టి నా ముందు నిలబడింది. "అక్కా, నువ్వన్న చెప్పు. ఆయన బ్రేకు గుంజిండు. తాగుడు బంద్ చేసి మూడేండ్లాయె. రాత్రి నా ముంగట చెయ్యి ఇట్ల పట్టి, 'గుంజిన్నా లేదా' అని నన్నే అడుగుతుండు. ఆయనకే డౌట్ వచ్చింది. పిచ్చోడైతడేమో."

నాకూ అనుమానమే. మనిషి మర్చిపోడా?

పదకొండు గంటలకు సేఠ్, డ్రైవర్ ఇద్దరూ బండితో వచ్చారు. ఉస్తాద్ డ్రైవర్‌ను హ్యాండ్‌బ్రేకు గట్టిగా గుంజమన్నాడు. తర్వాత వెనక నుంచి ఒక్క చేత్తో తోశాడు. బండి కదిలింది. ఉయ్యాల తోసినట్టు కదిలింది.

ఉస్తాద్ డ్రమ్ములు విప్పాడు. ఒక షూ తీసి భట్టీ దగ్గర వేడి చేశాడు. పట్టీకి చెమట పట్టింది. చిన్న చిన్న నల్లని బొట్లు పైకి తేలాయి.

"నూనె," అన్నాడు. "ఇది యాడికెళ్లి వచ్చె?" బ్రేకు నూనె కారుతోందేమోనని లోపలి రబ్బర్లు చూశాడు. అన్నీ పొడిగా ఉన్నాయి. మళ్లీ చూశాడు. తల గోక్కున్నాడు. అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి అలా తెల్లముఖం వేయడం నేను చూడటం అదే మొదటిసారి.

సేఠ్‌కు మాత్రం దారి దొరికింది. చప్పుడు మూయించడానికి నువ్వే నూనె పోశావు, చుక్కల కోసం పోశావు, అని డ్రైవర్ మీద పడ్డాడు. తాళాలు ఇమ్మని చేయి చాపాడు.

అప్పుడు వాసన వచ్చింది.

మొదట ఎదురింట్లో ఎవరో దీపం పెట్టారనుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళ దీపం ఎవరు పెడతారు? పండుగ పూట మా వంటింటి వాసన అది. నువ్వుల నూనె కాగిన వాసన. ఆ షూ లోంచే వస్తోంది. ఉస్తాద్‌కు ముక్కు లేదు. సేఠ్, డ్రైవర్ గుమ్మం బయట అరుచుకుంటున్నారు. ఆ గదిలో ఆ వాసన తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

నిజం చెబుతాను, నోరు తెరవలేదు. నూనెకు, బండి జారడానికి సంబంధం ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. పూజ చేసిన వస్తువు మనిషిని పడేస్తుందా? నా ముక్కే తప్పేమో. ఉలి తీసుకుని ఏదో గీకుతున్నట్టు కూర్చున్నాను. ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు. నా ఇద్దరు పిల్లలూ కళ్ల ముందు మెదిలారు.

డ్రైవర్ తాళాలు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. "అక్కా, నువ్వు చెప్పు. దినాం నన్ను చూస్తవు గద. నేను పోసిన్నా?"

అందులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. పోశానేమో, మర్చిపోయానేమో అన్నట్టు అడిగాడు.

"నువ్వు పోయలే తమ్మీ," అన్నాను. "నేనే రాసిన."

ఉస్తాద్ తిరిగాడు. "ఏం రాసినవ్?"

"నువ్వుల నూనె. పండుగ నాడు. సుత్తికి, ఉలికి... ఆటికి గూడ."

"వీపుకా, పట్టీకా?"

"రెండు దిక్కులా."

"ఎందుకే!"

"తుప్పు పట్టద్దని."

"బొట్టు గూడ పెట్టినవా?"

"పెట్టిన. తుడిసిన."

ఉస్తాద్ షూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియక డ్రైవర్ చేతికిచ్చాడు. "నువ్వు చూడరా."

డ్రైవర్ వాసన చూశాడు. అతని ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. "ఉస్తాద్, పులిహోర వాసనస్తున్నది."

సేఠ్ నన్ను అక్కడికక్కడే పంపేయమన్నాడు. ఉస్తాద్ చిటికెడు నస్యం పీల్చి, తీరిగ్గా తుమ్మి, అప్పుడు అన్నాడు. "అంటించింది ఆమె. సరిగ చూడకుండ బిగించింది నేను. నల్లగున్నదని తెలిసి గూడ మళ్ల బిగించింది నేను. ఆమెను పంపుతే నేను గూడ పోవాలె. మరి ఈ షటర్ ఎవలు దించాలె?" పగిలిన దీపం తనే వేయిస్తానన్నాడు. పిల్లగాడి తప్పు లేదని పెద్దావిడ ఇంటికి తనే వెళ్లి చెబుతానన్నాడు, వెళ్లాడు కూడా. సేఠ్ గొణుక్కుంటూ తాళాలు డ్రైవర్ దగ్గరే వదిలి వెళ్లాడు.

సేఠ్ సందు దాటాక నా వంతు వచ్చింది. "ఆర్నెల్లాయె! పట్టీకి నూనె నక్కో, వద్దు అని చెప్పలేనా?"

"చెప్పలే అన్నా."

"చెప్పలేదా?"

"జిగురు ఆరేదాక ముట్టద్దన్నవు. నూనె సంగతి చెప్పలే."

ఆయన నస్యం డబ్బీ తెరిచి, పీల్చకుండానే మూసేశాడు. "ఎవలన్న రాస్తరని ఎవడనుకుంటడు!" అన్నాడు చివరికి. తర్వాత నా ముందు పీట వేసుకుని, "రెండు అరచేతులు గట్టిగ రుద్దు" అన్నాడు. రుద్దాను. వేడెక్కి పట్టుకున్నాయి. సీసా లోంచి రెండు చుక్కల నూనె పోసి మళ్లీ రుద్దమన్నాడు. చేయి చేతి మీద నుంచి జారిపోయింది. అంతే. ఆరు నెలల్లో నాకు నిజంగా అర్థమైన మొదటి పాఠం అది. ఒరుసుకోవడమే దాని పని అయినప్పుడు, మనం సుఖపెట్టకూడదు. నూనె తాగిన పట్టీని కడిగినా కాల్చినా నమ్మకూడదు, పారేయాలి. ఆ నాలుగూ నా చేతే పారేయించాడు.

కొత్తవి అంటించాను. ఉస్తాద్ ఈసారి ఒక్కొక్కటీ కళ్లతో చూసి, డ్రైవర్‌ను వాసన చూడమని, అప్పుడు బిగించాడు. ముగ్గురం బండెక్కాం. ఉస్తాద్ ముందు, నేను వెనక. అద్దాలు దించమన్నాడు. వర్లి సముద్రం వైపు ఖాళీ రోడ్డు మీదకు వచ్చాక డ్రైవర్ బ్రేకు తొక్కాడు.

కీచు!

అదే చప్పుడు, మొదటి రోజుది. ఉస్తాద్ కిటికీ బయటికి తల పెట్టి, మళ్లీ తొక్కమన్నాడు. మళ్లీ కీచు. ఆయన మెల్లగా సీట్లో వెనక్కి వాలాడు.

"ఇది ఎనకల కాదు. ముంగట."

ముందు చక్రానికి ప్యాడ్ ఉంటుంది. అది అరిగినప్పుడు దానికున్న చిన్న రేకు చక్రం బిళ్లను గీకుతుంది. నన్ను మార్చండి అని చెప్పడానికే ఆ రేకు పెట్టారట. మా సందులో ఎటు చూసినా గోడలే. ముందు పుట్టిన చప్పుడు గోడలకు తగిలి వెనక నుంచి వినిపించింది. అంత గొప్ప చెవి కూడా మా సందులో మోసపోయింది. అప్పటి నుంచి మా దుకాణంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చప్పుడు వినాలంటే బండిని బయలు ప్రదేశానికి తీసుకెళ్లాలి, విప్పితే నాలుగు చక్రాలూ విప్పి చూడాలి.

"మరి అన్నా, పండుగయినంక రెండు దినాలు ఆ చప్పుడు ఎందుకు బంద్ అయింది? ముంగటి చక్రాలకు నేనేం రాయలే గద?"

ఉస్తాద్ వాన అన్నాడు. పండుగకు ఖాళీ అయిన రోడ్లన్నాడు. రేకు వంగి ఉంటుందన్నాడు. మూడూ చెప్పి, "తెల్వదు చెల్లే" అన్నాడు. నాకూ తెలియదు. పన్నెండేళ్ల పని తర్వాత కూడా తెలియదు. చప్పుడు పోతే బాగైందని మాత్రం ఇక ఎప్పుడూ అనుకోలేదు. మీరూ అనుకోకండి. ఎందుకు పోయిందో అడగండి.

ఇంకో రెండు రోజులు ఆగుతుంది కానీ, దుకాణానికి వెళ్లి ప్యాడ్ మారుద్దామన్నాడు ఉస్తాద్. డ్రైవర్ మాత్రం బండిని వర్లి గుట్ట దారికి తిప్పాడు. ఆ పెద్దావిడ ఇంటి ముందే, అదే ఎత్తులో ఆపాడు. కంచె వంగే ఉంది. హ్యాండ్‌బ్రేకు గుంజాడు. కిరకిరమని నాలుగు పళ్లు ఎక్కాయి. దిగాడు. ఉస్తాద్‌నూ దిగమన్నాడు. నేను తలుపు తీయబోయాను.

"నువ్వు కూసో అక్కా."

"ఎందుకు తమ్మీ?"

"నా గాడీకి తలంటు పోసింది నువ్వే గద. కూసో."

కూర్చున్నాను. ఆ పెద్దావిడ కూర్చున్న చోటే. ఒక కాలు కింద పెట్టమన్నాడు, పెట్టాను. ముందు సీటు అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. వెనక్కి చూడలేదు. నా షూలు, నా జిగురు, నా భట్టీ. వాటి మీదే నేను, బండి ఆ ఎత్తున నిలబడి ఉన్నాం. బండి కదల్లేదు. ఉస్తాద్ వంగి చక్రాలు చూస్తున్నాడు. డ్రైవర్ మాత్రం తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఆ రోజు బ్రేకు గుంజింది ఈ చేయే కదా అన్నట్టు.

ఎంతసేపో తెలియదు. అతని ఫోన్ మోగింది. అతను చూసుకుని, నా వైపు తలుపు పూర్తిగా తెరిచాడు.

"దిగక్కా. పాసింజర్ వచ్చిండు."